పంచాయతి ట్రాక్టరు మరమ్మతు: ఏది అవసరము, ఏది అనవసరము?

గ్రామ పంచాయతి ధనము గ్రామస్థులందరి ధనము. ఇంటి పన్ను రూపమున వచ్చినను, ప్రభుత్వ గ్రాంటు రూపమున వచ్చినను, అందులోని ప్రతి రూపాయికి సభ్యులు జవాబు చెప్పవలసి యున్నారు. రోడ్డు వేసినచో కన్నులకు కనిపించును. వీధి దీపము పెట్టినచో రాత్రి వెలుగును. యంత్రము లోపల జరిగిన మరమ్మతు మాత్రము ఎవరికిని కనబడదు. షెడ్డువారు వ్రాసి యిచ్చిన పట్టీలోని పేర్లు చాలమందికి అర్థము కావు. అర్థము కాని పట్టీకి డబ్బు చెల్లించుట కంటె కష్టమైన పని మరొకటి లేదు.

తెలంగాణ రాష్ట్రమున 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి కార్యక్రమము ఆరంభమైన పిమ్మట, అప్పటి 12,769 గ్రామ పంచాయతులకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూర్చుట జరిగినది. చెత్త తరలించుటకు, మొక్కలకు నీరు పోయుటకు, వేసవిలో త్రాగునీరు చేరవేయుటకు ఈ బండ్లు ఉపయోగపడుచు వచ్చినవి. ఆనాడు కొన్న బండ్లకు ఇప్పుడు వయసు వచ్చినది. ఉచిత సర్వీసులు ముగిసి చాల కాలమైనది. సాధారణ సర్వీసుకు తీసికొనిపోయిన బండికి డీలరు షెడ్డులో పది పన్నెండు పనులు వ్రాసి యిచ్చుట సామాన్యమైనది. "ఇవన్నియు చేయించవలెనా?" అను ప్రశ్న పంచాయతి సమావేశమునకు వచ్చుచున్నది. ఆ ప్రశ్నకు సభ్యులు తామే జవాబు తేల్చుకొను మార్గమును ఇచ్చట వివరింపదలచితిమి.

రెండు విధముల నష్టము

చెప్పినదెల్ల చేయించుట ఒక నష్టము. చేయవలసినది చేయించకుండుట అంతకు మించిన నష్టము. అనవసరముగా ఇంజను విప్పించినచో వీధి దీపములకు, పైపుల మరమ్మతుకు ఉంచుకొన్న డబ్బు పోవును. షెడ్డువారి మీద అనుమానముతో బ్రేకు పనిని వాయిదా వేసినచో మనుష్యుల ప్రాణములకే ముప్పు కలుగవచ్చును. నాలుగువేల లీటర్ల ట్యాంకరులో నీరే నాలుగు టన్నుల బరువుండును. పెక్కు ట్రాలీలకు, ట్యాంకర్లకు సొంత బ్రేకులు ఉండవు. ఆ బరువునంతటిని ట్రాక్టరు బ్రేకులే ఆపవలెను. అది బడిపిల్లలు నడచు దారి అని మరువరాదు.

కాబట్టి గ్రుడ్డి నమ్మకము పనికిరాదు, గ్రుడ్డి అనుమానమును పనికిరాదు. కావలసినది పరీక్ష.

ఎక్కువ పనులు ఎందుకు వ్రాయుదురు?

పట్టీలో ఎక్కువ పనులు వ్రాసిన ప్రతి డీలరు మోసగాడు కాడు. బండి మరల చెడినచో తనకు మాట వచ్చునను జాగ్రత్తతో కొందరు ముందుగానే భాగములు మార్చుమందురు. లోపము కనిపెట్టుటకు ఓపిక లేక, ఒక్కొక్క భాగమే మార్చి చూచువారు కొందరు. విడిభాగముల అమ్మకము మీద ప్రోత్సాహకము ముట్టునప్పుడు, అవసరము లేని పనిని కూడ అవసరమని చెప్పు ఆశ కలుగుట సహజము.

దీనికి అమెరికాలో జరిగిన ఒక ఉదాహరణము ప్రసిద్ధమైనది. 1992 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ వినియోగదారుల శాఖవారు ఒక పెద్ద వర్తక సంస్థ నడుపు మరమ్మతు షెడ్లపై ఆరోపణలను వెల్లడించిరి. బ్రేకు అరుగుదల తప్ప మరే లోపము లేని కార్లను మారువేషపు ఉద్యోగులు ఆ షెడ్లకు తీసికొనిపోగా, పదింట తొమ్మిది సార్లు అక్కరలేని పనులు అంటగట్టిరని ఆ శాఖ తెలిపెను. సలహా చెప్పు ఉద్యోగులకు అమ్మకమును బట్టి కమీషను ఇచ్చు పద్ధతియే దీనికి మూలమని విమర్శ వచ్చినది. పిమ్మట ఆ సంస్థ వారికి కమీషను ఇచ్చుట మానివేసినది. మనము తెలిసికొనవలసిన దేమనగా, సలహా ఇచ్చువాడే అమ్మువాడైనప్పుడు ఆ సలహాను మరొక మారు తూచి చూచుకొనవలెను.

అడుగవలసిన మూడు ప్రశ్నలు

పట్టీలోని ప్రతి పనికి విడివిడిగా మూడు ప్రశ్నలు వేయవలెను.

ఒకటి: ఈ భాగము చెడినదని ఏ లక్షణము వలన తెలిసినది?

రెండు: ఏ పరీక్ష చేసితిరి? కొలత యెంత వచ్చినది? ఉండవలసిన కొలత యెంత?

మూడు: ఈ పనిని మూడు నెలలు ఆపినచో ఏమగును?

నిజముగా అవసరమైన పనికి ఈ మూడింటికిని సూటియైన జవాబులు ఉండును. మంచి మెకానిక్కు అరిగిన భాగమును చేతిలో పెట్టి చూపును. "కిలోమీటర్లు చాల తిరిగినది", "అందరును మార్పించుచున్నారు", "మార్చినచో మంచిది" అనునవి జవాబులు కావు.

కంపెనీ పుస్తకమే మొదటి సాక్షి

బండితోపాటు వచ్చిన చిన్న పుస్తకము పంచాయతి కార్యాలయములో ఉండవలెను. పెక్కు చోట్ల అది డ్రైవరు వద్దనో, బీరువా అడుగుననో ఉండును. ఏ ఆయిలు ఎన్ని గంటలకు మార్చవలెనో, ఏ ఫిల్టరు ఎప్పుడు మార్చవలెనో అందులో వ్రాసి యుండును. ట్రాక్టరుకు లెక్క గంటలలో ఉండును. గంటల మీటరు అందుకే యున్నది.

ఒక లెక్క చూడుడు. పుస్తకములో 250 గంటలకు ఇంజను ఆయిలు మార్చవలెనని యున్నదనుకొందము. బండి దినమునకు రెండు గంటలు నడచినచో 250 గంటలకు 125 దినములు, అనగా నాలుగు నెలలు పట్టును. మూడు నెలలకే మార్చుమన్నచో అప్పటికి నడిచినది 180 గంటలే. అయితే తక్కువ నడిచిన బండికి కూడ కొన్ని పుస్తకములలో నెలల గడువు ఉండును. గంటలు, నెలలు రెండింటిని చూచి, ముందు వచ్చు గడువును పాటించవలెను. ఇంజను లోపల కడుగు ద్రావకములు, ఆయిలులో కలుపు ప్రత్యేక మందులు మొదలగునవి పుస్తకములో లేనివైనచో, కారణము వ్రాసి యివ్వనిదే ఒప్పుకొనరాదు.

లక్షణమును బట్టి పరీక్ష

గోటితో పోవుదానికి గొడ్డలి తీయరాదు. పెద్ద పనికి ఒప్పుకొనకముందు, అదే లక్షణమును కలిగించు చిన్న కారణములను తొలగించి చూడవలెను.

పొగ: నల్లని పొగ వచ్చినచో చాలినంత గాలి అందుట లేదనియో, డీజిలు ఎక్కువగా పోవుచున్నదనియో అర్థము. చెత్త, దుమ్ములలో తిరుగు పంచాయతి బండికి ఎయిర్ క్లీనరు త్వరగా మూసుకొనిపోవును. ముందుగా దానిని శుభ్రము చేసి చూడవలెను. అప్పటికిని పొగ తగ్గనిచో నోజిళ్లను పరీక్ష యంత్రముపై చూపించి, ఆ పిమ్మట పంపు సంగతి ఆలోచించవలెను. నీలపు పొగ ఇంజను ఆయిలు కాలుచున్నదనుటకు గుర్తు. ఆయిలు పోయు రకపు ఎయిర్ క్లీనరులో గీతకు మించి ఆయిలు పోసినను నీలపు పొగ రావచ్చును. చలి ఉదయమున స్టార్టు చేసిన కొద్ది సేపు తెల్లని పొగ వచ్చినచో భయపడ నక్కరలేదు.

ఇంజను ఓవర్‌హాలింగు: ఇది అన్నిటిలోను పెద్ద ఖర్చు. రింగులు, లైనర్లు అరిగినవని చెప్పినచో ప్రతి సిలిండరు కంప్రెషను కొలిపించి ఆ అంకెలను వ్రాయించుకొనవలెను. ఆయిలు మార్చిన నాటి నుండి మరల ఎంత పోయవలసి వచ్చినదో రిజిస్టరులో చూడవలెను. నీలపు పొగ, తగ్గుచున్న ఆయిలు, పడిపోయిన కంప్రెషను మూడును కలిసినచో ఆ పని నిజమైనదే. పొగ ఒక్కటే చూచి ఇంజను విప్పనీయరాదు.

వేడెక్కుట: రేడియేటరు జాలిలో గడ్డి, పొట్టు, ప్లాస్టిక్కు ముక్కలు చేరినచో గాలి ఆడదు. ఫ్యాన్ బెల్టు వదులైనను, నీరు తగ్గినను ఇంజను వేడెక్కును. ఈ మూడును ఖర్చు లేని పరీక్షలు. వేడిగా నున్నప్పుడు మాత్రము రేడియేటరు మూత తీయరాదు. మరుగు నీరు, ఆవిరి ముఖముపై చిమ్మును. ఆయిలు గజము పుల్లపై ఆయిలు పాలవలె తెల్లబడి కనిపించినచో నీరు ఇంజనులోనికి దిగుచున్నదని అనుమానించవలెను. అప్పుడు బండిని వెంటనే ఆపి షెడ్డుకు చేర్చుటయే లాభము.

క్లచ్చి: ఇంజను వేగము పెరిగినను బండి వేగము పెరుగనిచో క్లచ్చి జారుచున్నదని అర్థము. ముందుగా పెడలు ఖాళీ ఆటను పుస్తకములోని కొలతకు సరిచేయించవలెను. ఆట బొత్తిగా లేనిచో మంచి ప్లేటు కూడ జారును. డ్రైవరు పెడలుపై కాలు పెట్టి నడుపు అలవాటు ఉన్నదేమో గమనింపవలెను. ఆ అలవాటు మారనిచో క్రొత్త ప్లేటును త్వరగానే పోవును. కొలత సరిచేసిన పిమ్మట కూడ జారినచో ప్లేటు మార్చవలసినదే. అందుకు ట్రాక్టరును రెండు ముక్కలుగా విడదీయవలెను గనుక కూలి యెక్కువ. అటువంటప్పుడు అరిగిన బేరింగును కూడ మార్చుమని మెకానిక్కు చెప్పినచో అది న్యాయమైన సలహాయే. ఆ చిన్న భాగము కొరకు మరల బండిని విడదీసిన కూలి రెండింతలగును.

బ్యాటరీ: స్టార్టు కానంత మాత్రమున బ్యాటరీ పోయినదనుట తగదు. తీగెల కొసలపై తెల్లని పొడి చేరుట, బెల్టు వదులై చార్జి ఎక్కకుండుట సాధారణము. కొసలు శుభ్రపరచి, పూర్తిగా చార్జి చేయించి, లోడు పరీక్ష చేయించిన పిమ్మటనే క్రొత్తది కొనవలెను.

మూడు వరుసల పట్టీ

పరీక్షల ఫలితములు చేతికి వచ్చిన తరువాత పనులను మూడు వరుసలుగా వ్రాసికొనవలెను.

మొదటి వరుస, వెంటనే చేయవలసినవి: బ్రేకులు, స్టీరింగు, ముందు చక్రముల బేరింగులు, దారములు తేలిన టైర్లు, ట్రాలీ కొక్కెపు పిన్ను, వెనుక దీపములు. వీటిలో లోపము తేలినచో బేరము వేరు, వాయిదా వేరు. ధర విచారింప వచ్చును గాని పని ఆపరాదు. బండిని మాత్రము రోడ్డెక్కింపరాదు.

రెండవ వరుస, తేదీ పెట్టి చేయవలసినవి: కొంత అరిగినను ఇంకను పని చేయు భాగములు, చిన్న ఆయిలు కారుటలు. ఎన్ని గంటలకు మరల చూడవలెనో మీటరు అంకె వేసి వ్రాసికొనవలెను.

మూడవ వరుస, కారణము చూపనివి. వీటిని కొట్టివేయవలెను.

పెద్ద మొత్తమైనచో డీలరుతో సంబంధము లేని మరొక మెకానిక్కుకు బండిని చూపవలెను. మొదటి షెడ్డువారు చెప్పినది ముందుగా అతనికి చెప్పరాదు. లక్షణము మాత్రమే చెప్పవలెను. ఇద్దరును ఒకే మాట చెప్పినచో సందేహము తీరును. అతనికిచ్చు కొద్దిపాటి కూలి వృథా కాదు.

కాగితము లేని పని వలదు

బండి విప్పక ముందే భాగముల ధర వేరుగను, కూలి వేరుగను చూపిన అంచనా పట్టీని తీసికొనవలెను. పట్టీలో లేని పని బయటపడినచో అడిగి, అనుమతి పొందిన పిమ్మటనే చేయవలెనని దానిపై వ్రాయించవలెను. మార్చిన పాత భాగములను తిరిగి ఇవ్వవలెనని ముందే చెప్పవలెను. పాత భాగములు గోనె సంచిలో పంచాయతికి చేరినచో సగము అనుమానములు వాటంతట అవియే తొలగిపోవును. బిల్లుపై జి.ఎస్.టి. నంబరు, మీటరు అంకె, క్రొత్త భాగములకు గ్యారంటీ గడువు ఉండవలెను. ఈ కాగితములన్నియు సమావేశములో చదివి, తీర్మానముతో జతపరచినచో ఆడిటు నాడు ఎవరును తల వంచుకొన నక్కరలేదు.

మోసము జరిగినదని తోచినచో ముందుగా డీలరుకును, కంపెనీకిని వ్రాతమూలముగా తెలుపవలెను. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము ఫోను నంబరు 1915. 2020 జూలై 20 నుండి అమలులోనున్న 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము బిల్లు ఇవ్వ నిరాకరించుట అక్రమ వ్యాపార పద్ధతి. జిల్లా వినియోగదారుల కమీషనులో ఫిర్యాదు చేయుటకు రెండేండ్ల గడువు కలదు. ఫిర్యాదుదారు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయు సౌకర్యము ఈ చట్టమున ఉన్నది. కాని కాగితము లేనివాని మాటను ఏ కమీషనును నిలబెట్టలేదు.

నేడే ఆరంభింపదగిన పని

ఒక నూరు పేజీల నోటు పుస్తకము చాలును. దినమున మీటరు అంకె, పోసిన డీజిలు, పోసిన ఆయిలు, డ్రైవరు గమనించిన లోపము, చేయించిన పని అందులో వ్రాయించుడు. నెలకొకమారు సమావేశములో ఒక సభ్యుడు దానిని చదివి వినిపించవలెను. డ్రైవరు మాటకు విలువ యివ్వవలెను. బండి గొంతు మారినదని అందరి కంటె ముందు అతనికే తెలియును. అతనిని షెడ్డుకు వెంట పంపవలెను. ఒప్పుదల మాత్రము పంచాయతి ఇవ్వవలెను.

ఇంటిలోని మోటారు సైకిలునకు, ఆటోకు, కారుకు కూడ ఈ పద్ధతియే వర్తించును. సభ్యులు మెకానిక్కులు కానక్కరలేదు. కారణము అడిగి, కొలత చూచి, కాగితము తీసికొనినచో చాలును. ఆ విధముగా మిగిలిన రూపాయి గ్రామములో మరొక దీపమై వెలుగును. సకాలమున చేయించిన బ్రేకు పని వలన ఏ యింటి దీపమును ఆరిపోకుండును.