రొయ్యల చెరువులో సున్నము లెక్క

కాకినాడ తీరమున దొరకు ఆలిచిప్పలను, గుల్లలను బట్టీలలో కాల్చి సున్నము చేయుట పాత వృత్తి. మన పెద్దలు ఇంటిగోడలకు పూసినదీ, తాంబూలములో రాసుకొన్నదీ ఈ గుల్లసున్నమే. చిప్పను కాల్చితే సున్నము వచ్చుటకు కారణము, చిప్పలో ఉన్నది చాలవరకు కాల్షియం కార్బొనేటు కావడమే. ఆ ప్రాణి దీనిని ఎక్కడనుండి తెచ్చుకొన్నది? చుట్టూ ఉన్న నీటినుండి. అయితే నీటిలో ఈ పదార్థము తయారుగా ఉండదు. కాల్షియము ఒకటి, బైకార్బొనేటు మరొకటి విడివిడిగా కరిగి ఉంటాయి. ప్రాణి రెండింటినీ తీసికొని జోడించుకోవలెను. రెండింటిలో ఏది చాలకున్నా చిప్ప పెరగదు.

గోదావరి డెల్టాలో నేడు ఈ సంగతి చిప్పలకంటె రొయ్యలకు ఎక్కువగా వర్తిస్తున్నది. 1990 తరువాత భీమవరము చుట్టుపట్ల టైగర్ రొయ్యల పెంపకము వ్యాపించినది. 2009లో మన దేశమున వెనామీ రొయ్యకు అనుమతి లభించినది. వెనామీ తక్కువ ఉప్పుగల నీటిలో కూడ బ్రతుకుతుంది గనుక సముద్రమునకు దూరముగా బోరునీటితో నిండిన చెరువులు వెలిసినవి. రొయ్య పెరగవలెనంటే పాత పెంకును విడిచి కొత్తది తొడుక్కోవలెను. కొత్త పెంకు మొదట మెత్తగా ఉంటుంది. అది గట్టిపడుటకు కావలసిన కాల్షియములో ఎక్కువ భాగము నీటినుండే రావలెను. పెంకు గట్టిపడక ఆలస్యమయితే మెత్తని రొయ్యను తోటిరొయ్యలే తినివేస్తాయి. మిగిలినవి తూకమునకు వచ్చినప్పుడు ధర తగ్గుతుంది. అప్పుడు రైతు చేసే మొదటి పని సున్నపు బస్తా విప్పడము. అది కొన్ని చెరువులలో మందే; మరికొన్నింటిలో చెరుపు కూడ చేయగలదు.

ఎందుకో ఒక పరీక్షనాళికలో చూపవచ్చును. తేరిన సున్నపునీటిలో గొట్టముతో ఊదితే పాలవలె తెల్లబడుతుంది. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నముతో కలిసి కాల్షియం కార్బొనేటు అయినది. ఇంతవరకు అన్ని పాఠశాలలలోను చేసి చూపుతారు. ఊదుట మానక కొనసాగిస్తే తెలుపు విరిగి నీరు తేటపడుతుంది. కార్బొనేటు కరుగగల బైకార్బొనేటుగా మారినది. ఇప్పుడు ఆ తేటనీటిలో మళ్ళీ కొంచెము సున్నపునీరు పోయండి. మరల తెల్లబడుతుంది! కొత్తగా వేసిన సున్నము, ముందే కరిగియున్న దానిని కూడ వెంటబెట్టుకొని సుద్దగా అడుగున దిగుతుంది. 1841లో థామస్ క్లార్క్ అను స్కాట్లండు రసాయనజ్ఞుడు నీటి కాఠిన్యమును తగ్గించుటకు ఈ ఉపాయమునకే పేటెంటు పొందినాడు. బొగ్గుపులుసు వాయువు తక్కువగా ఉన్న మధ్యాహ్నపు చెరువులో తడిపిన సున్నము మోతాదు మించి చల్లితే జరిగేదీ ఇదే: పెంచబోయిన రెండూ తగ్గుతాయి. రాత్రియంతా జీవులు ఊపిరి విడువగా ఆ వాయువు పోగైన వేకువజామున చల్లిన సున్నము కరుగుతుంది.

ఇక లెక్క. నీటిలోని బైకార్బొనేటు, కార్బొనేటుల మొత్తమును క్షారత్వముగా కొలుస్తారు. లీటరు నీటిలో 50 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేటు గట్టిపడి విడిపోయినదనుకొందాము. అందులో కాల్షియము 20 మిల్లీగ్రాములు. క్షారత్వము మాత్రము 50 తగ్గుతుంది. ఈ నిష్పత్తి మారదు. మారేది నీటిలోని నిల్వ. సముద్రజలమున లీటరుకు కాల్షియము సుమారు 410 మిల్లీగ్రాములు, క్షారత్వము సుమారు 115. పై ఖర్చు తరువాత కాల్షియము 390 మిగులుతుంది, లోటు కానరాదు. క్షారత్వము 65కు పడిపోతుంది. ఇంటిలో గాజుతొట్టెలో పగడములను పెంచే వేడుకగలవారు కాల్షియముకంటె క్షారత్వమును తరచుగా కొలుచుకొనుట ఇందువల్లనే. (మన గోదావరి ముఖద్వారమున పగడపుదిబ్బలు లేవు; మంచినీరు, ఒండ్రు వాటికి సరిపడవు.)

ఒక బోరునీటిలో క్షారత్వము 350, కాల్షియము 30 మాత్రమే ఉన్నవనుకొందాము. సోడియం బైకార్బొనేటు ఎక్కువగాగల నీరు ఇట్లుంటుంది. అదే ఖర్చు తరువాత క్షారత్వము 300 ఉంటుంది, కాల్షియము 10కి దిగుతుంది. ఇక్కడ ముందు ఖాళీ అయ్యే సంచి రెండవది.

ఇందులో కాగితము తెచ్చిన చిక్కు ఒకటున్నది. ప్రయోగశాలలు క్షారత్వమును “కాల్షియం కార్బొనేటుగా” లెక్కకట్టి వ్రాస్తాయి. అది కొలతకు పెట్టుకొన్న ప్రమాణము మాత్రమే. “350” అని చూసిన రైతు నీటిలో కాల్షియము పుష్కలముగా ఉన్నదనుకొనుట సహజము. నిజానికి అందులో కాల్షియము దాదాపు లేకపోవచ్చును.

అట్టి నీటికి మరొక బాధ కలదు. పగటివేళ నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చగా బైకార్బొనేటు కార్బొనేటుగా మారి పీహెచ్ పెరుగుతుంది. తగినంత కాల్షియము ఉంటే కార్బొనేటు సుద్దగా దిగి ఆ పెరుగుదలకు కళ్ళెము వేస్తుంది. లేకుంటే సాయంత్రానికి పీహెచ్ 9 దాటవచ్చును. ఉప్పు తక్కువగల నీటిలో, 30 డిగ్రీల వద్ద, పీహెచ్ 8 అయితే మొత్తము అమ్మోనియాలో విషరూపము సుమారు 7 శాతము. 9 అయితే 45 శాతము దాకా. ఇంతలో సున్నము కూడ పడితే పీహెచ్ ఇంకా ఎగబాకుతుంది. సున్నపురాయి పొడి అంత చెరుపు చేయదు గాని, 8.3 దాటిన నీటిలో అది కరగదు. చల్లిన డబ్బు బురదలో పడుతుంది.

అక్కడ కావలసినది జిప్సము. అది కాల్షియమును ఇస్తుంది, క్షారత్వమును పెంచదు. లీటరుకు 20 మిల్లీగ్రాముల కాల్షియము పెంచుటకు 86 మిల్లీగ్రాముల శుద్ధజిప్సము కావలెను. 1.2 మీటర్ల లోతుగల ఎకరము చెరువులో సుమారు 48.5 లక్షల లీటర్లు పడుతుంది. అనగా సుమారు 420 కిలోలు. కొంత సుద్దగా దిగుతుంది గనుక విడతలుగా వేసి, మధ్యమధ్య కొలుచుకొనుట మేలు. కాల్షియముండి క్షారత్వము లోపించిన చోట తినేసోడా అక్కరకు వస్తుంది. అదే చెరువులో క్షారత్వమును 20 పెంచుటకు 160 కిలోలకు పైగా పడుతుంది. రెండూ తక్కువైన నీటికే సున్నపురాయి సరియైన మందు. మెగ్నీషియము, పొటాషియముల కొరత వేరు విషయము. దానిని ఈ మూడింటిలో ఏదీ తీర్చదు.

క్షారత్వమును ఉన్నత పాఠశాలలోనే కొలువవచ్చును. నూరు మిల్లీలీటర్ల నీటిలో రెండు చుక్కల మిథైల్ ఆరెంజి వేసి, 0.02 నార్మల్ గంధకామ్లమును పసుపు నారింజగా మారు వరకు బ్యూరెట్టునుండి వదలవలెను. ఖర్చయిన ప్రతి మిల్లీలీటరుకు క్షారత్వము 10. విద్యార్థులు తమ ఊరి చెరువునుండి నీరు తెచ్చునప్పుడు సీసాను అంచువరకు నింపి బిరడా బిగించవలెను. గాలి తగిలితే బొగ్గుపులుసు వాయువు తప్పించుకొని సుద్ద సీసా అడుగుననే దిగుతుంది; మరునాటి కొలతలో కాల్షియము, క్షారత్వము రెండూ తక్కువగా కనబడతాయి.