ఆపమని చెప్పగల ఇంజనీరు

కువైట్ భూభాగంలో సగానికి పైగా జహ్రా గవర్నరేట్‌దే. జహ్రా పట్టణం రాజధానికి పడమరగా 30 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, ఆ పేరు మీద ఉన్న ఎడారి మాత్రం ఉత్తరాన ఇరాక్ సరిహద్దు దాకా సాగుతుంది. అబ్దలీ తోటలూ, రౌదతైన్, సబ్రియా, రత్‌ఖా చమురు క్షేత్రాలూ ఈ ఎడారిలోవే. రౌదతైన్‌లో 1955లో చమురు బయటపడింది. అప్పటినుంచి బావులు, చమురును ఒకచోట చేర్చే గ్యాదరింగ్ సెంటర్లు, వాటిని కలిపే పైపులైన్లు పెరుగుతూనే ఉన్నాయి. కువైట్ వెళ్లినవాళ్లంటే కడప, అన్నమయ్య, కోనసీమ జిల్లాల్లో ముందుగా ఇళ్లలో పనికి కుదిరినవాళ్లు, డ్రైవర్లు గుర్తుకొస్తారు. అదే ఎడారిలో వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, సూపర్‌వైజర్లుగా బతుకు వెళ్లదీసే తెలుగువాళ్లూ ఉన్నారు, క్వాలిటీ ఇంజనీర్లూ ఉన్నారు. ఈ చివరి ఉద్యోగం ఏమిటని అడిగితే 'చెకింగ్' అనే సమాధానం వస్తుంది. అందులో సగమే నిజం. చూడటం చాలామంది చేయగలరు. తప్పు ఇంకా కంటికి కనిపిస్తున్నప్పుడే పనిని ఆపించగలగడం ఆ ఉద్యోగానికి ప్రాణం. ఆ అధికారం కాగితం మీద ఉండి సైటులో లేకపోతే క్వాలిటీ విభాగం ఉన్నా లేనట్టే.

ఒక పైపు కథ చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. ఉక్కు మిల్లులో కరిగించిన ప్రతి విడతకూ ఒక హీట్ నంబరు ఉంటుంది. ఆ విడతలో కార్బన్ ఎంత, మాంగనీసు ఎంత, బలం ఎంత అన్నది మిల్లు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఉంటుంది. నంబరు పైపు మీద ముద్రించి వస్తుంది. సైటులో పైపును రెండు ముక్కలుగా కోస్తే నంబరు ఒక ముక్కతోనే పోతుంది. కాబట్టి కోయకముందే రెండో ముక్క మీదా ఆ నంబరు రాయించి, ఇన్‌స్పెక్టరు చూశాకే కోయాలి. నిమిషం పని. ఆ నిమిషం తప్పిపోతే మిగిలిన ముక్క అనాథ అవుతుంది. అది ఏ ఉక్కో సర్టిఫికెట్ చెప్పదు, చూస్తే తెలియదు, రంగూ బరువూ అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకే ప్రాజెక్టు మొదట్లోనే ఇన్‌స్పెక్షన్ అండ్ టెస్ట్ ప్లాన్ తయారుచేసి, ప్రతి దశ పక్కన ఎవరు ఏం చూడాలో రాసుకుంటారు. అందులో విట్‌నెస్ పాయింట్ అంటే ముందే కబురు పెట్టినా ఇన్‌స్పెక్టరు రాకపోతే పని సాగించవచ్చు. హోల్డ్ పాయింట్ అంటే ఆయన వచ్చి సంతకం పెట్టేదాకా పని అక్కడే ఆగాలి. ఈ రెండింటి మధ్య తేడాలోనే క్వాలిటీ ఇంజనీరు ఉద్యోగమంతా ఉంది.

ఈ ఎడారిలో ఆ తేడాను కాపాడటం తేలిక కాదు. జహ్రా పరిధిలోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. ఆసియాలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రతగా ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని ధ్రువీకరించింది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని నిషేధం. అది కార్మికుల ప్రాణాలు కాపాడే నియమం, ఉండి తీరాల్సిందే. కానీ పని గంటలు తగ్గాయని ప్రాజెక్టు గడువు తగ్గదు. తెల్లవారుజామున, రాత్రి షిఫ్టుల్లో ఆ గంటలను పూడ్చాలని చూస్తారు. ఆ తొందరలో జారిపోయే జాగ్రత్త ఒకటి చూడండి: లో హైడ్రోజన్ వెల్డింగ్ రాడ్లను వేడి పెట్టె నుంచి తీసి వెల్డరు దగ్గర క్వివర్ అనే చిన్న వేడి డబ్బాలో ఉంచాలి, క్వివర్ కరెంటుకు తగిలించి ఉండాలి. బయట ఎక్కువసేపు పడి ఉన్న రాడ్ తేమ పీల్చుకుంటుంది. ఆ తేమలోని హైడ్రోజన్ వెల్డులోకి చేరి, చల్లారిన కొన్ని గంటలకో మరుసటి రోజుకో పగులు తెస్తుంది. రాత్రి రెండు గంటలకు జెనరేటర్ ఆగి క్వివర్ చల్లబడి ఉందనుకోండి. దాని మీద చెయ్యి పెట్టి చూసి, ఆ రాడ్లు పక్కన పెట్టించే మనిషి ఎవరో ఒకరు అక్కడ ఉండాలి. లేకపోతే ఆ రాడ్లతో వేసినా తెల్లారాక వెల్డు పైనుంచి చక్కగానే కనిపిస్తుంది.

దీనికి తరచూ వచ్చే అభ్యంతరం ఒకటుంది. పైపులైను పూర్తయ్యాక నీళ్లు నింపి హైడ్రోటెస్ట్ చేస్తారు కదా, ప్రాసెస్ పైపింగ్‌కు డిజైన్ ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి చూస్తారు కదా, తప్పుంటే అప్పుడు బయటపడదా, ప్రతి మలుపులో ఆపడం ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. హైడ్రోటెస్ట్ లీకుల్ని పట్టిస్తుంది, బలహీనమైన జాయింటును ఆ రోజే పగలగొడుతుంది. అయితే ఆ రోజుకు సరిపడా బలం ఉన్న తప్పు ఉక్కును అది పట్టుకోలేదు. 2005 జులై 28న అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీలో ఒక హైడ్రోజన్ లైను పగిలి పెద్ద మంట లేచింది. కెమికల్ సేఫ్టీ బోర్డు దర్యాప్తులో తేలిన కారణం చాలా చిన్నది. మరమ్మతుల సమయంలో మూడు ఎల్బోలు విప్పి మళ్లీ బిగించారు. మూడింటి కొలతలూ ఒకటే. రెండు క్రోమియం కలిసిన అల్లాయ్ ఉక్కువి, ఒకటి మామూలు కార్బన్ ఉక్కుది. బిగించేటప్పుడు అవి తారుమారయ్యాయి. అధిక వేడిలో హైడ్రోజన్ కార్బన్ ఉక్కును లోపల్నుంచి తినేసింది. నెలల తరబడి ప్లాంటు మామూలుగానే నడిచింది, ఆ తర్వాతే పగిలింది. లోహం ఏమిటో చెప్పే చేతి పరికరంతో బిగించే ముందు ఒక్కసారి చూసి ఉంటే అక్కడితో అయిపోయేది. పీఎంఐ అనే ఆ పరీక్షకు పట్టేది కొన్ని క్షణాలు.

ఉత్తర కువైట్‌కు ఈ పాఠం మరీ దగ్గరిది. ఇక్కడి జురాసిక్ పొరల్లో గ్యాస్ ఉందని 2006లో ప్రకటించారు. ఆ గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంది. కుళ్లిన గుడ్డు వాసన వేసే ఈ వాయువు మోతాదు పెరిగితే ముక్కు దాన్ని పసిగట్టడం మానేస్తుంది, ఇంకా పెరిగితే మనిషి నిలబడ్డచోటే కూలిపోతాడు. ఉక్కుకూ అది శత్రువే. వెల్డు పక్కన ఉక్కు మరీ గట్టిపడి ఉంటే, తేమతో కలిసిన ఈ వాయువు దాన్ని చీలుస్తుంది. అందుకే ఇలాంటి లైన్లకు కార్బన్ ఉక్కు గట్టిదనం రాక్‌వెల్ సీ స్కేలు మీద 22 దాటకూడదని తుప్పు నిపుణుల సంస్థ నేస్ పెట్టిన ప్రమాణం చెబుతుంది. మామూలుగా గట్టిదనాన్ని మంచి గుణం అనుకుంటాం, ఇక్కడ అదే ప్రమాదం. కజకిస్తాన్‌లోని కషగాన్ క్షేత్రంలో 2013 సెప్టెంబరులో ఉత్పత్తి మొదలైంది, కొన్ని వారాల్లోనే లీకులతో ఆగిపోయింది. ఇదే రకం చీలికలు పైపుల్లో కనిపించాయి. దాదాపు 200 కిలోమీటర్ల పైపులైను మార్చాల్సి వచ్చింది. ఉత్పత్తి మళ్లీ మొదలవడానికి 2016 దాకా ఆగారు. అంత పెద్ద ప్రాజెక్టుకు టెస్టులు లేక కాదు కదా! చివర్లో చేసే పరీక్ష జవాబు చెప్పలేని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. వాటిని పైపు తయారయ్యేచోట, వెల్డు పడేచోట అడగాల్సిందే.

పైపులైను వైఫల్యానికి చెల్లించే మూల్యం రౌదతైన్ చూసింది. 2002 జనవరి 31న అక్కడి పైపులైను లీకు పేలుడుకు దారితీసి నలుగురు చనిపోయారు. 15వ నంబరు గ్యాదరింగ్ సెంటర్ దెబ్బతింది. చమురు మంత్రి రాజీనామా చేశారు. మన దగ్గర నగరం అనే గ్రామాన్ని మరిచిపోయే వీల్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో తాటిపాక దగ్గర గెయిల్ గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా బలయ్యారు. కొబ్బరితోటలు నిలువునా మాడిపోయాయి. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో నీరూ కండెన్సేటూ కలిసిన గ్యాస్ నడవడం, లోపల తుప్పు పట్టడం అప్పుడు చర్చకు వచ్చాయి. దీన్నిబట్టి క్వాలిటీ అంటే వెల్డింగ్ నాటి సంగతి మాత్రమే అనుకోకూడదని అర్థమవుతుంది. ఏ షరతుల మీద పైపును ఒప్పుకున్నామో ఆ షరతులు మారినప్పుడు 'ఇది ఆ లైను కాదు' అని గుర్తుచేసే రికార్డు ఉండాలి, ఆ రికార్డు తెరిచి మాట్లాడే మనిషీ ఉండాలి. కోనసీమ నుంచి కువైట్ వెళ్లి పైపుల మీద బతికే మనిషికి ఈ రెండు ఊళ్లూ ఒకే కథ చెబుతాయి.

ఖర్చు, ఆలస్యం అనేది ఇంకో అభ్యంతరం. నియమం ప్రకారమే మామూలు ప్రాసెస్ పైపింగ్‌లో నూటికి 5 వెల్డులకు రేడియోగ్రఫీ తీస్తే చాలు, మిగతావాటి మీద అనుమానం పెంచుకుని పని ఆపడం అతి కదా అంటారు. ఆ 5 శాతం వెనక ఉన్న షరతు తెలిస్తే ఈ మాట అనరు. ప్రతి వెల్డరు పనీ ఆ నమూనాలోకి రావాలి. ఒక వెల్డు చెడిపోయిందని ఫిల్ములో తేలితే అదే వెల్డరు చేసినవి ఇంకో రెండు తీయాలి. అందులోనూ చెడ్డది వస్తే దానికి మళ్లీ రెండు. అంటే నూటికి 5 అన్నది అనుమానం లేనప్పటి లెక్క. చేతికందే ఎత్తులో నిలబడి సుఖంగా వేసిన వెల్డుల్నే కాంట్రాక్టరు ఎంచి ఫిల్ములకు పంపితే ఆ 5 శాతానికి అర్థమే లేదు. పైపుల ర్యాకు కింద వంగి, అద్దం పెట్టుకుని వేసిన జాయింటును ఎంచాలి. ఏది తీయాలో చెప్పే హక్కు క్వాలిటీ ఇంజనీరుకు ఉండాలి. ఇక ఖర్చు మాటకొస్తే, బయట ఉన్న జాయింటు కోసి మళ్లీ వేయడం ఒక షిఫ్టు పని. అదే జాయింటుకు కోటింగ్ వేసి, కందకంలో దించి, ఇసుక కప్పి, నీళ్లతో పరీక్షించి, చమురు పారించాక కోయాలంటే క్షేత్రంలో కొంత భాగం ఉత్పత్తి ఆపాలి. ఉత్తర సముద్రంలో అలెగ్జాండర్ కీలాండ్ వేదిక 1980 మార్చి 27న తిరగబడి 123 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికి కారణమైన పగులు ఎక్కడ పుట్టిందంటే, శబ్ద పరికరం తగిలించడానికి వేదిక ఊత గొట్టానికి అతికిన చిన్న ముక్క వెల్డులో. బరువు మోసే భాగం కాదు కాబట్టి దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆలస్యం అనే మాట వాడేముందు ఆ వెల్డును తలుచుకోవాలి.

క్వాలిటీవాళ్లు కాగితాల చాటున దాక్కుంటారనే ఫిర్యాదులో మాత్రం నిజం ఉంది. సంతకాలన్నీ పూర్తయి, ఫైళ్లు అల్మారాలు నిండి, సైటుకు ఇంజనీరు మొహం చూపించని ప్రాజెక్టులు ఉంటాయి. వెనక తేదీలు వేసిన రిపోర్టు అసలు రిపోర్టు లేకపోవడం కంటే ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని నమ్మి ఇంకొకరు పదేళ్ల తర్వాత నిర్ణయం తీసుకుంటారు. అయితే ఆ జబ్బుకు మందు కాగితం తగ్గించడం అనుకుంటే పొరపాటే. ఇంజనీరు పనిని ఎలా కొలుస్తున్నామో చూడండి. వారానికి ఎన్ని ఇన్‌స్పెక్షన్లు ముగించాడు, మిగిలిన పనుల జాబితా, అంటే పంచ్ లిస్టు, ఎంత తగ్గించాడు అని లెక్కపెడితే సంతకాలే వస్తాయి. పని నియమం ప్రకారం లేదని చెప్పే నాన్ కన్ఫార్మెన్స్ రిపోర్టు రాసినవాడిని గొడవ మనిషిగా చూసేచోట ఎవరూ రాయరు. అలాంటి రిపోర్టు ఒక్కటీ రాని ప్రాజెక్టును చూసి దాన్ని కట్టిస్తున్న యజమాని సంతోషించకూడదు, అనుమానించాలి.

ఇక్కడే అసలు చిక్కు. కాంట్రాక్టరు కంపెనీలో క్వాలిటీ ఇంజనీరు జీతం ఇచ్చేది ఆ కాంట్రాక్టరే. కువైట్‌లో ఆయన అకామా, అంటే నివాస అనుమతి, కూడా అదే స్పాన్సరు చేతిలో ఉంటుంది. పని ఆపమని చెప్పడమంటే తన నివాస హక్కు ఎవరి చేతిలో ఉందో వాళ్లకు ఎదురు చెప్పడం. 2018లో ఇంజనీర్ల అకామాలకు కువైట్ ఇంజనీర్ల సంఘం ఆమోదం తప్పనిసరి చేసి, భారతీయ డిగ్రీల్లో ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న కోర్సులనే ఒప్పుకున్నప్పుడు, ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్ల కుర్చీ కింద నేల కదిలింది. డిగ్రీ ప్రమాణాలు చూసుకునే హక్కు ఏ దేశానికైనా ఉంది. కానీ చదువుకున్న రోజున లేని షరతుకు మధ్యవయసులో జవాబు చెప్పాల్సిన మనిషి, రాత్రి షిఫ్టులో ప్రాజెక్టు మేనేజరుకు ఎదురు నిలబడతాడని ఆశించడం అన్యాయం. ధైర్యం ఉన్న మనిషిని వెతకడం కంటే, ధైర్యం అవసరం పడని ఏర్పాటు చేయడం మంచిది.

థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్టర్లు, యజమాని ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు కదా అనేవాళ్లున్నారు. ఉన్నారు, వాళ్ల అవసరమూ ఉంది. వాళ్లు పిలిచినప్పుడు వస్తారు. పిలిచే కాగితం, రిక్వెస్ట్ ఫర్ ఇన్‌స్పెక్షన్, వెళ్లేది కాంట్రాక్టరు క్వాలిటీ విభాగం నుంచే. క్వివర్ చల్లబడింది, పైపు ముక్క మీద నంబరు లేదు అనే సంగతులు బయటి ఇన్‌స్పెక్టరు జీపు దిగేలోపే జరిగి ముగిసిపోతాయి. ఫేజ్డ్ అరే అల్ట్రాసోనిక్ యంత్రాలు, డిజిటల్ రికార్డులు ఎంత పెరిగినా అవి చూపించడం మాత్రమే చేస్తాయి, ఆపేది మనిషే. కాబట్టి ఏర్పాటు ఒప్పందంలోనే ఉండాలి. క్వాలిటీ మేనేజరు ప్రాజెక్టు మేనేజరు కింద కాకుండా నేరుగా ప్రధాన కార్యాలయానికి జవాబుదారీగా ఉండాలి. ప్రాజెక్టు నడుస్తుండగా ఆయన్ని మార్చాలన్నా, ఇంటికి పంపాలన్నా యజమాని లిఖిత అంగీకారం తీసుకోవాలి. హోల్డ్ పాయింట్ దాటి చేసిన పనికి బిల్లు చెల్లించకూడదు. ఈ మూడోది అన్నిటికన్నా గట్టిగా పనిచేస్తుంది. డబ్బు ఆగుతుందని తెలిస్తే, ఇంజనీరును పక్కకు నెట్టమని చెప్పడానికి ప్రాజెక్టు మేనేజరుకే కారణం లేకుండా పోతుంది.

2035 నాటికి రోజుకు 40 లక్షల పీపాల ఉత్పత్తి సామర్థ్యం సాధించాలన్నది కువైట్ లక్ష్యం. అందులో ఉత్తర క్షేత్రాలది పెద్ద వాటా. అంటే ఈ ఎడారిలో ఇంకా పైపులు పడతాయి, మన జిల్లాల నుంచి ఇంకా పిల్లలు వస్తారు. వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్ కోర్సులు, రేడియోగ్రఫీ లెవెల్ టూ సర్టిఫికెట్లు సంపాదించి ఇంటర్వ్యూకు కూర్చునే కుర్రవాడు జీతం ఎంత, క్యాంపు గది ఎలా ఉంటుంది అని తప్పకుండా అడుగుతాడు. వాటితోపాటు, నేను ఎవరికి రిపోర్టు చేయాలి, నేను రాసిన నాన్ కన్ఫార్మెన్స్ రిపోర్టును మూసేసే అధికారం ఎవరిది అని కూడా అడగాలి. ఆ రెండు ప్రశ్నలకు 'ప్రాజెక్టు మేనేజరు' అనే జవాబు వస్తే ఆ కంపెనీకి కావలసింది సంతకం.