చెరువు నీళ్లు ఎర్రగా ఉన్నాయా.. మీ స్క్రీనే తేడాగా ఉందా? ముందు ఈ సెట్టింగ్స్ చూడండి

కాజీపల్లి, గడ్డపోతారం, బొల్లారం.. ఈ పారిశ్రామిక బెల్టులో వాన పడిందంటే చెరువుల్లోకి రసాయన వ్యర్థాలు వదిలారంటూ ఫిర్యాదులు రావడం కొత్తేం కాదు. ఫోన్‌లో తీసిన వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఒకరికి నీళ్లు ఎర్రగా కనిపిస్తాయి. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నాయన మాత్రం ‘ఏముంది.. వానకు వచ్చిన మట్టే కదా’ అనేస్తాడు. వీడియో ఒక్కటే. మరి తేడా ఎక్కడ? చాలాసార్లు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే!

ముందుగా అనుమానించాల్సింది నైట్ లైట్‌ని. ఇది స్క్రీన్‌లో నీలం వెలుతురు తగ్గిస్తుంది. దాంతో తెలుపు కాస్తా పసుపుగా, మట్టి రంగు ఎర్రగా కనిపిస్తుంది. సాయంత్రం కాగానే దానంతట అదే ఆన్ అయ్యేలా పెట్టుకుని, ఆ సంగతే మర్చిపోయినవాళ్లు బోలెడు మంది. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్తే ఈ బటన్ ఉంటుంది. ఇక్కడో చిన్న కిటుకు ఉంది. స్క్రీన్‌షాట్ తీసి వేరేవాళ్లకు పంపితే వాళ్లకు ఈ పసుపు కనిపించదు. ఎందుకంటే రంగు మారింది బొమ్మలో కాదు, మీ తెరపైనే.

తర్వాత మానిటర్ కింద ఉండే బటన్లు. వాటి మెనూలో వార్మ్, కూల్, ఎస్‌ఆర్‌జీబీ లాంటి మోడ్‌లు ఉంటాయి. ఎస్‌ఆర్‌జీబీ అంటే 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన రంగుల ప్రమాణం. నెట్‌లో మనం చూసే ఫొటోలు చాలావరకు దీన్ని బట్టి తయారైనవే. ఆ మోడ్ ఉంటే అదే పెట్టండి. లేకపోతే కలర్ టెంపరేచర్‌ని 6500 దగ్గర ఉంచండి. విండోస్ సెర్చ్‌లో ‘కాలిబ్రేట్ డిస్‌ప్లే కలర్’ అని కొడితే ఇంకో టూల్ వస్తుంది. గామా, బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, చివర్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం.. ఇలా ఒక్కొక్కటీ సరిచేయిస్తుంది. మానిటర్ ఆన్ చేసిన అరగంట తర్వాత మొదలుపెడితే మంచిది.

పాత ఆఫీసుల్లో ఇంకో తలనొప్పి ఉంది.. వీజీఏ కేబుల్. అది లూజైతే ఒక రంగు మొత్తానికే ఎగిరిపోతుంది. నీలం పోతే తెరంతా పసుపే. అలాంటప్పుడు సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టడం దండగ, కేబుల్ గట్టిగా బిగించి చూడండి.

ఫోన్‌లో చూసేవాళ్లు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో వివిడ్ మోడ్ తీసేసి నేచురల్ పెట్టుకోవాలి. వివిడ్‌లో రంగులు ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తాయి.

తీసేటప్పుడూ జాగ్రత్త ఉండాలి. కెమెరా తనకు నచ్చినట్టు వైట్ బ్యాలెన్స్ మార్చేస్తుంది. అందుకే నీళ్ల పక్కన ఓ తెల్ల కాగితం ఫ్రేమ్‌లో ఉండేలా తీయండి. చూసేవాళ్లకు ఆ కాగితం తెల్లగా కనిపిస్తే నీళ్ల రంగునూ నమ్మొచ్చు. కాగితమే ఎర్రగా ఉంటే తేడా కెమెరాదో, స్క్రీన్‌దో. వీడియో కోసం ఆ నీళ్లలో చేయి మాత్రం పెట్టకండి.

అయితే రంగు మామూలుగా ఉందంటే నీళ్లు మంచివని కాదు. పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు చేరే శుద్ధి కేంద్రం నుంచి బయటకొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ బయటపడింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ! ఏ మానిటర్‌లో, ఏ సెట్టింగ్‌లో చూసినా అది కనిపించదు. దానికి శాంపిల్ ల్యాబ్‌కు వెళ్లాల్సిందే.

కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేసేటప్పుడు వీడియోను వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, క్వాలిటీ తగ్గదు. ఫోన్‌లోని ఒరిజినల్‌ని మాత్రం డిలీట్ చేయొద్దు.