అనాథాశ్రమం రిజిస్టరులో తాతముత్తాతలు

విక్టోరియా రాణి కాలంలో (1837–1901) బ్రిటన్ నగరాల్లో వేలాది పిల్లలు ఆశ్రమాల్లో పెరిగారు. వాళ్లంతా అనాథలు కారు. తండ్రి పోయి తల్లి సాకలేక అప్పగించినవాళ్లు, పెళ్లికాని తల్లులకు పుట్టినవాళ్లు, పనులు దొరకని ఇళ్ల పిల్లలు చాలామంది. థామస్ బర్నార్డో 1870లో లండన్ స్టెప్నీలో మగపిల్లలకు ఆశ్రమం తెరిచారు. ఎడ్వర్డ్ రుడాల్ఫ్ అనే సండే స్కూలు టీచరు 1881లో మరో సంస్థ పెట్టారు. ఆ పిల్లల మనవలు, మునిమనవలు ఇప్పుడు తమవాళ్లెవరో వెతుక్కుంటున్నారు.

ఈ వెతుకులాట సాగుతున్నదంటే కారణం ఆ సంస్థలు రాసిపెట్టుకున్న కాగితాలే. బర్నార్డో 1874లోనే ఫొటోల విభాగం పెట్టి, ఆశ్రమానికి వచ్చిన పిల్లలకు ఫొటోలు తీయించారు. పిల్లవాడి ఊరు, తల్లిదండ్రుల స్థితి, చేర్పించిన కారణం రిజిస్టరులో ఎక్కేవి. ఇంగ్లండులో జనన మరణాల నమోదు 1837లోనే మొదలైంది. పదేళ్లకోసారి జరిగే జనగణనలో ఆశ్రమంలోని పిల్లల పేర్లూ ఉంటాయి. పెళ్లి పత్రంలో తండ్రి పేరుకు ఒక గడి ఉంటుంది. తండ్రి ఎవరో చెప్పలేని బిడ్డకు అది ఖాళీగా మిగిలిపోతుంది; చాలామంది వంశవృక్షాలు అక్కడే తెగిపోతాయి. పేరు ఒక్కోచోట ఒక్కోలా రాయడం, వయసు తప్పుగా వేయడం, అన్నదమ్ములను వేర్వేరు ఆశ్రమాలకు పంపడం దారిని ఇంకా కష్టం చేస్తాయి.

అన్నిటికంటే బాధాకరమైనది సముద్రం దాటించిన పిల్లల కథ. 1869 నుంచి 1948 దాకా లక్షమందికి పైగా పిల్లలను ఓడలెక్కించి కెనడా పంపారు. మగపిల్లలు పొలాల్లో, ఆడపిల్లలు ఇళ్లల్లో పనికి కుదిరారు. కొందరిని బిడ్డల్లా చూసుకున్నారు, ఎందరినో కూలీల కన్నా హీనంగా చూశారు. కన్నవాళ్లకు చెప్పకుండా పంపిన సందర్భాలూ ఉన్నాయి. 'హోమ్ పిల్లలు' అన్న మాట అక్కడ చిన్నచూపుకు గుర్తు కావడంతో, పెద్దయ్యాక వాళ్లు భార్యాబిడ్డలకు కూడా తమ బాల్యం సంగతి చెప్పుకోలేదు. అందుకే తాత పోయాక ట్రంకుపెట్టెలో పాత కాగితం దొరికేదాకా మనవలకు ఏమీ తెలియని ఇళ్లున్నాయి. ఓడ ప్రయాణికుల జాబితాల నుంచి ఆ పిల్లల పేర్లు ఏరి కెనడా జాతీయ గ్రంథాలయం, ఆర్కైవ్స్ సంస్థ ఒక సూచీ తయారుచేసింది. 2010 ఫిబ్రవరి 24న బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ పిల్లలను ఇలా పంపినందుకు పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆలస్యమైనా ఆ మాట చెప్పవలసిందే.

బ్రిటన్‌లో వంశం జాడ కాగితాల్లో దొరికితే, తెలుగు నేల మీద వంశాన్ని నిలబెట్టింది కాగితం కన్నా ఎక్కువగా నోటిమాట. ఆదిలాబాద్ జిల్లా బోథ్ చుట్టుపక్కల గోండు గూడేల్లో ప్రధాన్లనే గాయకులు కిక్రి అనే తంతివాద్యం వాయిస్తూ ఆయా గోత్రాల పుట్టుపూర్వోత్తరాలు పాడుతారు. ఆ గూడేల్లో పుట్టినవాడికి తన మూలం చెప్పే గొంతు ఒకటి ఉంటుంది. మైదానపు పల్లెల్లో ఇంటిపేరు, పాలోళ్లు, భూమి ఉంటే ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు ఆ పని చేస్తాయి. ఆశ్రమంలో పెరిగిన బిడ్డకు ఇవేవీ ఉండవు. భూమి లేదు కనుక పహాణీలో పేరుండదు. పాలోళ్లు ఎవరో తెలియదు. వాడి పేరు మొదట పడిన రిజిస్టరు ఒక్కటే ఆధారం.

అలాంటి బిడ్డలు ఇక్కడా తక్కువ కాదు. 1876–78 నాటి కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది చనిపోయారు. దిక్కులేని పిల్లలు మిషన్ల పంచన చేరారు. హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, 1901లో చనిపోయిన విక్టోరియా రాణి జ్ఞాపకంగా, సరూర్‌నగర్‌లోని తన భవనాన్ని అనాథ పిల్లలకు ఇచ్చారు. అదే విక్టోరియా మెమోరియల్ హోమ్. 2018 సెప్టెంబరులో మొదలైన అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో మార్గంలో ఒక స్టేషనుకు దాని పేరే పెట్టారు.

ఇక్కడ ముత్తాత కోసం వెతికేవారికి బ్రిటన్‌లో ఉన్న వసతి లేదు. జనన మరణాల నమోదుకు 1886లో చట్టం వచ్చినా, దేశమంతటా తప్పనిసరి చేసింది 1969 చట్టమే. బ్రిటన్‌లో జనగణన పత్రాలను వందేళ్ల తర్వాత అందరికీ తెరుస్తారు. భారత జనగణన చట్టం (1948) ఇంటింటి వివరాలను ఎవరికీ చూపనివ్వదు. మిగిలేవి చర్చి బాప్తిస్మం పుస్తకాలు, బడి అడ్మిషన్ రిజిస్టర్లు, ఆశ్రమం దస్త్రాలు. నిజాం రాజ్యంలోని సర్కారు కాగితాలు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి కాబట్టి చదివిపెట్టేవారు దొరకాలి. వెతికేవారు ముందు ఇంట్లోని పెద్దల మాటలు రాసుకుని, బిడ్డ సుమారుగా ఏ సంవత్సరంలో, ఏ ఊరి నుంచి ఆశ్రమం చేరిందో అంచనా వేసుకుని, ఆ ఏటి రిజిస్టరును అడగాలి. పేరు కలిసినంత మాత్రాన చాలదు. వయసు, ఊరు, చేర్పించినవారి పేరు, ఈ మూడింటిలో కనీసం రెండు సరిపోతేనే ఆ బిడ్డ తమవాడని నమ్మవచ్చు.