ఛార్జింగు తీగలు – గృహిణు లెఱుగవలసిన సంగతులు



మొన్న పరీక్షకు ముందునాటి రాత్రి మా కుమారుడు ఫోను ఛార్జరును, దాని తీగను లాప్‌టాపునకు తగిలించి చదువుకొనుచుండెను. అర్ధరాత్రమున యంత్రమాగిపోయెను. తీగకొన చక్కగా నమరినది. శక్తి మాత్రము చాలలేదు.

ఆ కొనకు యూఎస్‌బీ టైప్-సీ యని పేరు. 2014లో వెలువడిన యీ యమరికయందు 24 స్పర్శస్థానములు కలవు. ఎటు త్రిప్పి పెట్టినను సరిపోవును. ఐరోపా సమాఖ్య 2022లో చేసిన శాసనమున, ఇది 2024 డిసెంబరు 28 నుండి ఫోనులకును, 2026 ఏప్రిల్ 28 నుండి లాప్‌టాపులకును తప్పనిసరి కావలెనని నిర్ణయించెను.

అయినను ముఖమొకటియే కాని గుణములు వేఱు. రెండు వైపులను టైప్-సీ కొనలుగల సామాన్యపు తీగ 3 ఆంపియర్లు, అనగా 60 వాట్ల వరకే మోయును. 5 ఆంపియర్లు మోయుదానిలో తన శక్తిని ఛార్జరునకు తెలుపు చిన్న చిప్పుండును. అది లేనిచో ఛార్జరు అధికవిద్యుత్తు నీయదు. 2021 నాటి నియమములతో 240 వాట్లవరకు సాధ్యమైనది. సమాచారమును చేరవేయుటలోను భేదము కలదు: కొన్ని సెకనుకు 480 మెగాబిట్లు, కొన్ని 40 గిగాబిట్లు పంపును.

కావున లాప్‌టాపుతో వచ్చిన ఛార్జరుపై వాట్ల సంఖ్యను చూచి, దానికి తగ్గకుండ తీగను కొనవలెను. తీసివేయునపుడు తీగను లాగక కొనను పట్టవలెను. పైతొడుగు చిట్లి లోతీగ కానవచ్చినచో దానిని వాడరాదు.

వంటయింట ఒకే తీరు డబ్బాలలో ఉప్పేదో చక్కెరయేదో మన మెఱుగుదుము గదా! లాప్‌టాపు తీగకును ఒక ఎఱ్ఱదారము కట్టియుంచుడు. పిల్లల చదువు నడిరేయి నాగిపోదు.