కోడి ఒకటే, ప్రశ్నలు నాలుగు

ఆదివారం పొద్దున్న కాశీబుగ్గలోనో టెక్కలిలోనో చికెన్ కొట్టు ముందు వినిపించే ప్రశ్నలు రెండు మూడే. నాటుదా, ఫారందా? స్కిన్‌తోనా, స్కిన్‌లెస్సా? ముక్క కూరకా, బిర్యానీకా? అమెరికాలో పిల్లల దగ్గర కొన్నాళ్ళు ఉండి వచ్చిన పెద్దవాళ్ళకు, ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ళ సంరక్షణ పనులకు వెళ్ళిన తెలుగువాళ్ళకు ఇంకో మాట కూడా పరిచయమే: కోషర్. యూదుల మతనియమం ప్రకారం కోసి, శుద్ధి చేసిన కోడి అది. రక్తం చుక్క లేకుండా తీసేస్తారు కాబట్టి మామూలు చికెన్ కంటే శుభ్రం, ఆరోగ్యం అన్న పేరు దానికి ఉంది. ఆ పేరు సగమే నిజం. కోడి ఏ జాతిది, ఎలా పెరిగింది, ఎలా కోశారు, కోశాక ఏం చేశారు అన్నవి వేరువేరు ప్రశ్నలు. నాటు, ఫారం, హలాల్, కోషర్ అన్న పేర్లలో ఏ ఒక్కటీ నాలుగింటికీ జవాబు చెప్పదు. కిడ్నీ జబ్బు ఇంటింటి భయంగా మారిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో నాలుగో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. ఎందుకంటే కోషర్ శుద్ధికి ప్రాణం ఉప్పు.

మొదటి రెండు ప్రశ్నలు మనవాళ్ళకు బాగా తెలిసినవే. బ్రాయిలర్ కోడి ఆరు వారాలకే రెండు కిలోలకు అటూఇటూ తూగి కొట్టుకొస్తుంది. మొక్కజొన్న, సోయా మేత తిని, కదలిక తక్కువగా పెరిగిన లేత కండ అది, తొందరగా ఉడుకుతుంది. లేయర్ కోడి ఏడాదికి పైగా గుడ్లు పెట్టి, గుడ్లు తగ్గాక మాంసానికి వస్తుంది. చౌకే గానీ కండ గట్టి. నాటుకోడి నెలల తరబడి పెరట్లో, తోటల్లో తిరిగి పెరుగుతుంది కాబట్టి దాని కండ ముదిరి, ఉడకడానికి గంట పట్టినా పులుసుకి రుచి ఇస్తుంది. వీటి మధ్య వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి రకాలున్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన ఈ కోళ్ళు చూడ్డానికి నాటుకోడిలాగే రంగురంగుల ఈకలతో ఉంటాయి. రంగు చూసి నాటు అనుకోవడం అందుకే పొరపాటు. నాటుకోడి రుచైనది, మందులాంటిది అనే నమ్మకం మన దగ్గర గట్టిది. రుచి విషయంలో ఆ నమ్మకానికి ఆధారం ఉంది. కానీ కండలోని మాంసకృత్తులు దానిలోనూ, బ్రాయిలర్‌లోనూ దగ్గరదగ్గరగానే ఉంటాయి. కిడ్నీ డాక్టరు లెక్కలో నాటుకోడికి ప్రత్యేకమైన మినహాయింపేమీ లేదు.

ఇక కోషర్. లేవీయకాండం 11వ అధ్యాయం తినకూడని పక్షుల జాబితా ఇస్తుంది. రాబందులు, గద్దలు, కొంగలు అందులో ఉన్నాయి. అంటే టెక్కలి దగ్గర తేలినీలాపురం చింతచెట్ల మీద ఏటా గూళ్ళు కట్టే కొంగజాతులు యూదులకు నిషిద్ధం. కోడి మాత్రం పరంపరగా తింటూ వచ్చిన పక్షి. కోసేవాణ్ణి షోహెట్ అంటారు. ఆయన శిక్షణ పొందినవాడై ఉండాలి. కత్తి అంచును గోరుతో, వేలితో తడిమి ఎక్కడా గంటు లేదని రూఢి చేసుకున్నాకే, ఆగకుండా, అదమకుండా ఒకే ఊపులో గొంతు కోయాలి. తర్వాత కోడి లోపలి భాగాలు చూస్తారు. పేగుకి చిల్లి ఉన్నా, కాలి స్నాయువులు తెగి ఉన్నా ఆ కోడి పనికిరాదు. ఈకలు తీయడానికి వేడినీళ్ళు వాడరు, ఉప్పు పట్టించకముందే వేడి తగిలితే రక్తం కండలోనే ఉండిపోతుందన్నది నియమం. మన కొట్లలో కోడిని వేడినీళ్ళలో ముంచి, రబ్బరు వేళ్ళున్న డ్రమ్ములో తిప్పితే నిమిషంలో ఈకలు ఊడొస్తాయి. కోషర్ కోడికి చన్నీళ్ళే దిక్కు. అందుకే తోలు మీద అక్కడక్కడ ఈక మొదళ్ళు మిగిలి కనిపిస్తాయి.

అసలు పని ఆ తర్వాత. కోడిని అరగంట నీళ్ళలో నానబెట్టి, నీరు వార్చి, లోపలా బయటా కల్లుప్పు దట్టంగా అద్ది, వాలుగా పెట్టిన బల్ల మీద గంటసేపు ఉంచుతారు. ఉప్పు పీల్చిన ఎర్రటి నీరు బల్ల మీంచి కిందికి కారిపోవాలి. ఆ తర్వాత మూడుసార్లు కడుగుతారు. మెత్తటి ఉప్పు అయితే వెంటనే కరిగిపోయి పని చేయదు, మరీ పెద్ద గళ్ళయితే ముక్కకి అంటవు. మధ్యరకం గళ్ళే దీనికి సరిపోతాయి. కార్జానికి మాత్రం ఈ ఉప్పు చాలదు. అందులో రక్తం ఎక్కువ కాబట్టి నిప్పు మీద కాల్చాకే వండుకోవాలి. పశువు మాంసంలో వెనక భాగం గురించి యూదులకు కట్టుదిట్టమైన నియమాలున్నాయి: తొడ నరం, కొన్ని రకాల కొవ్వు తీసేయాలి. కోడికి ఆ బాధ లేదు. లెగ్ పీసైనా, రొమ్ము ముక్కైనా, రెక్కైనా, మెడైనా నియమం ప్రకారం కోసి ఉప్పు పట్టించాక అన్నీ కోషరే. కాబట్టి ‘కోషర్ కట్’ అనేది కోడిలో లేదు. ఉన్నదల్లా కోషర్ పద్ధతి.

ఈ నియమాలు తెలుగునేలకు పూర్తిగా పరాయివి కావు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న తెలుగు యూదు సమాజం ఉంది, 1991 నుంచి వాళ్ళకు ప్రార్థనా మందిరం కూడా ఉంది. ముస్లింల హలాల్ పద్ధతికీ కోషర్‌కీ దగ్గరితనం ఉంది: రెండింటిలోనూ గొంతు కోసి రక్తం కారనివ్వాలి, రెండింటిలోనూ దేవుడి స్మరణ ఉంది. తేడా కోశాక కనిపిస్తుంది. హలాల్‌లో ఉప్పు పట్టించే నియమం లేదు. శరీరానికి సంబంధించినంతవరకు ఈ తేడాయే పెద్దది.

రక్తం తీసేస్తే మంచిదే కదా అని అడగొచ్చు. కోషర్ ఆచరించేవాళ్ళకు అది విశ్వాసం, దాన్ని ఎవరూ తూకం వేయనక్కర్లేదు. ఆరోగ్యం పేరుతో చెప్పే మాటను మాత్రం పరీక్షించాలి. కోడి కోసినప్పుడే రక్తంలో చాలావరకు పోతుంది. ముక్కలు కడిగినప్పుడు కనిపించే గులాబీరంగు నీరు ఎక్కువగా కండలోని రంగుపదార్థం కలిసిన నీరు. ఉప్పు పట్టించిన తర్వాత మిగిలే ఎర్రనీటిని యూదుల ధర్మశాస్త్రం కూడా రక్తంగా లెక్కించదు. ఇక సాల్మొనెల్లా లాంటి క్రిములు గంట ఉప్పుకి చచ్చిపోవు. వాటిని చంపేది పొయ్యి వేడి. ముక్క లోపల 74 డిగ్రీల సెల్సియస్ దాటేలా ఉడికితే నాటుదైనా కోషర్‌దైనా భయం లేదు.

ఉప్పు మాటకొస్తే ఊరకే దాటలేం. ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. కారణం తేలకపోయినా, జబ్బు పడ్డవాళ్ళకు డాక్టర్లు చెప్పే జాగ్రత్తల్లో ఉప్పు ముందుంటుంది: రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను లోపే. వంద గ్రాముల పచ్చి కోడిమాంసంలో సహజంగా ఉండే సోడియం 70, 80 మిల్లీగ్రాములు. కోషర్ కోడిలో దానికి కొన్ని రెట్లు ఉంటుంది. మూడుసార్లు కడుగుతారు కదా అంటే, కడిగితే పోయేది పైన అంటుకున్న ఉప్పే, గంటలో కండలోకి ఇంకినది అక్కడే ఉంటుంది. కోషర్ చికెన్‌కి మసాలా వేయకముందే రుచి ఉందని వంటవాళ్ళు మెచ్చుకోవడానికి కారణం కూడా ఇదే. అమెరికా నుంచి కొడుకో కూతురో ఫోన్ చేసి, నాన్న వచ్చినప్పుడు కోషర్ వండిపెడతాం, అది మంచిదట అంటే, కిడ్నీ జబ్బున్న ఆ నాన్నకు అది మంచిది కాదు.

పలాసలో కోషర్ దొరకనే దొరకదు, మనకెందుకు అనవచ్చు. ఉప్పు మాత్రం వేరే పేర్లతో మన వంటింట్లో ఉంది. ముక్కలకు ఉప్పు, పసుపు, కారం పట్టించి గంటసేపు పక్కన పెట్టడం మనకు అలవాటు. కండకి ఉప్పు ఇంకే తీరు అక్కడా ఇక్కడా ఒకటే. సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లో దొరికే మసాలా పట్టించిన ముక్కలు, నగ్గెట్లు, సాసేజీల్లో ఉప్పుతోపాటు ఫాస్ఫేటు కలిపే అవకాశం ఉంది. కలిపిన ఫాస్ఫేటు, మాంసంలో సహజంగా ఉన్నదానికంటే తేలిగ్గా రక్తంలో చేరుతుంది. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు.

ఏ భాగం కొనాలన్నది ఆ తర్వాతి మాట. స్కిన్‌లెస్ రొమ్ము ముక్కలో వందకి 22 గ్రాముల దాకా మాంసకృత్తులు, రెండు మూడు గ్రాముల కొవ్వు ఉంటాయి. తోలు తీసిన తొడముక్కలో మాంసకృత్తులు 19, 20 గ్రాములు, కొవ్వు నాలుగు. అదే తొడని తోలుతో తీసుకుంటే కొవ్వు 15 గ్రాముల దాకా వెళ్తుంది. గుండెజబ్బు, బరువు ఉన్నవాళ్ళు స్కిన్‌లెస్‌కి కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. కందనకాయలో కొవ్వు తక్కువ. కార్జంలో ఇనుము బాగా ఉంటుంది గానీ, కొలెస్ట్రాల్, ఫాస్ఫరస్ రెండూ ఎక్కువే. కిడ్నీ రోగి పళ్ళెంలో దానికి చోటు లేదు. రొమ్ము ముక్క గురించి మాత్రం ఒకే సలహా అందరికీ పనికిరాదు. డయాలసిస్‌కి ముందు దశలో డాక్టర్లు మాంసకృత్తులు తగ్గించమంటారు. డయాలసిస్ మొదలయ్యాక పెంచమంటారు, ఎందుకంటే ఆ ప్రక్రియలో కొంత ఒంట్లోంచి పోతుంది. నిన్నటిదాకా వద్దన్న ముక్క రేపు అవసరం కావచ్చు.

కోషర్ నియమాల్లో ఉద్దానానికి బాగా దగ్గరైనది ఒకటుంది: మాంసాన్ని పాలతో, పెరుగుతో, నెయ్యితో కలిపి వండకూడదు. పెరుగులో నానబెట్టే బిర్యానీ అందుకే యూదులకు కుదరదు. కొబ్బరిపాలకు ఏ అడ్డూ లేదు. కొచ్చి యూదులు కొబ్బరిపాలతోనే కోడికూర వండుకున్నారు. కొబ్బరితోటల ఉద్దానంలో అలాంటి కూరకు ఎవరూ కొత్తగా నేర్పాల్సిన పని లేదు. దానిలో పలాస జీడిపప్పు ముద్ద కలిపితే రుచి పెరుగుతుంది గానీ, జీడిపప్పులో ఫాస్ఫరస్, పొటాషియం ఎక్కువ. కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఆ రుచిని వదులుకోవాలి.

ఇంట్లో కిడ్నీ రోగి ఉంటే, ఈ ఆదివారం నుంచి ఒక్క పని చేయండి. కూరకు ఉప్పు పట్టించకముందే వాళ్ళ ముక్కలు విడిగా తీసి, అల్లం, వెల్లుల్లి, మిరియాలు, నిమ్మరసంతో వండండి. ఎన్ని ముక్కలు అన్నది మీ డాక్టరునే అడగండి.