మెల్లగా నిండు నీటితొట్టి



ఊరి చెఱువునకు గండి పడినదనగానే పలుగు, పార పట్టుకొని పదిమందియు పరుగెత్తుదురు. ఇంటి మరుగుదొడ్డిలోని నీటితొట్టి నిండుట లేదనిన మాటను మాత్రము ఇరుగుపొరుగులకు చెప్పుకొనుటకు సైతము సంకోచింతుము. ఆ సంకోచములో నెలలు గడచిపోవును. నేటి ప్రసంగమున ఆ సంకోచమును ప్రక్కకు పెట్టి, తొట్టి యేల మెల్లగా నిండును, దోషమెక్కడ నున్నదో యెట్లు కనుగొనవలెను, ఇంటివారే దానిని యెట్లు బాగుచేసికొనవచ్చును అను విషయములను మనవి చేసెదను.

ఇది చిన్న విషయమని తలపరాదు. 2014వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన స్వచ్ఛ భారత్ కార్యక్రమము ఆరంభమైన పిదప గ్రామములలో మరుగుదొడ్లు విరివిగా వెలసినవి. వానిలో చాల భాగము చెంబుతోనో, బకెట్టుతోనో నీరు పోయునట్టివే. అయినను డాబా యిండ్లలోను, బడులలోను, వైద్యశాలలలోను తొట్టి గల దొడ్లు నానాటికి హెచ్చుచున్నవి. మోకాళ్ల నొప్పులతో బాధపడు వృద్ధులు నిండు బకెట్టు నెత్తి పోయలేరు. వారికి గోడనున్న తొట్టి గొప్ప యూరట. ఆ తొట్టి నిండకున్నచో ఒకరు వెళ్లివచ్చిన పిదప రెండవవారు చాలసేపు వేచియుండవలెను. సగము నిండగనే వదలిన నీరు దొడ్డిని శుభ్రము చేయజాలదు. వాసన పుట్టును. కొన్నాళ్లకు ఇంటిలోని వారు దానిని మానుకొని చీకటిలో చెంబు పట్టుకొని పొలము గట్టునకు బోవుదురు. వేలకొలది రూపాయలు వెచ్చించి కట్టిన దొడ్డి, గోరంత మట్టి అడ్డుపడుటచే పనికిరానిదగుట మనకు న్యాయము కాదు.

తొట్టి లోపలి యేర్పాటు మీకు క్రొత్తది కాదు. దానిని ఒక చిన్న చెఱువుగా భావింపుడు. చెఱువునకు నీరు తెచ్చు కాలువ యున్నట్లు తొట్టికి నీరు తెచ్చు సన్నని గొట్టము కలదు. చెఱువునకు తూము ఉన్నట్లు తొట్టి యడుగున రబ్బరు మూత గల రంధ్రము కలదు. మీట నొక్కినపుడు ఆ మూత లేచి నీరంతయు ఒక్కసారిగా దొడ్డిలోనికి దుముకును. చెఱువునకు అలుగు ఉన్నట్లు, నీరు మితిమీరినపుడు పొరలిపోవుటకు నిలువుగా ఒక గొట్టము కలదు. ఒక్కటే విశేషము. చెఱువు కాలువకు తలుపు వేయుటకు మనిషి కావలెను. తొట్టి కాలువకు నీరే తలుపు వేయును. నీటిపై తేలు బంతియో, బుడ్డియో నీటితోపాటు పైకి లేచి, తన కాడతో ఒక చిన్న రబ్బరు బిళ్లను నీరు వచ్చు నోటికి అదిమిపెట్టును. నీరు తగ్గగానే బంతి దిగును, నోరు తెఱచుకొనును. ఈ కవాటమునే ప్లంబర్లు బాల్ కాక్ అందురు.

నీరు వేగముగ దుముకుట కేవలము శుభ్రతకొఱకే కాదు. 1775వ సంవత్సరమున లండనులో గడియారములు చేయు అలెగ్జాండరు కమ్మింగు అనునాతడు, దొడ్డి క్రింది గొట్టమును మెడవలె వంచి, ఆ వంపులో ఎల్లప్పుడును కొంత నీరు నిలుచునట్లు చేయు పద్ధతికి హక్కుపత్రము పొందెను. క్రింది వాసన పైకి రాకుండ నేటికిని అడ్డుకొనుచున్నది ఆ వంపులోని నీరే. తొట్టి పూర్తిగా నిండి, ఒక్క పెట్టున వదలినగాని ఆ వంపు కడుగుపడదు.

ఇక పరీక్షకు వత్తము. సామాన్యముగా ఇండ్లలోని తొట్టికి 6 మొదలు 10 లీటర్ల నీరు పట్టును. నీటి యొత్తిడి బాగున్నచో అది రెండు మూడు నిమిషములలో నిండును. పావుగంట గడచినను నిండకున్నచో దోషమున్నదని తెలియవలెను. అంతమాత్రమున అంగడికి బోయి క్రొత్త కవాటమును కొనరాదు. వైద్యుడు నాడి చూచిన పిదపనే మందిచ్చును గదా. నీరు ఎచ్చట ఆగుచున్నదో మొదట కనుగొనవలెను.

మొదటి ప్రశ్న యిది: నీరు రాకున్నదా, లేక వచ్చిన నీరు నిలువకున్నదా? తూము కారుచున్న చెఱువు ఎంత వాగు వచ్చినను నిండదు. బట్టలకు పెట్టు నీలిమందును కొంచెము తొట్టి నీటిలో కలిపి, అరగంట వఱకు మీట నొక్కక విడిచిపెట్టుడు. దొడ్డిలోని నీటికి నీలిరంగు వచ్చినచో అడుగు మూత కారుచున్నదన్నమాట. అపుడు మార్చవలసినది ఆ రబ్బరు మూతయే గాని కవాటము కాదు.

రెండవ ప్రశ్న: ఇంటిలోని తక్కిన కుళాయిలలో నీరు బాగుగా వచ్చుచున్నదా? అన్నిటిలోను సన్నగిల్లినచో దోషము మిద్దెపైనున్న ట్యాంకులోనో, దాని గొట్టములోనో కలదు. ట్యాంకు అడుగున బురద చేరియుండవచ్చును, గొట్టములో గాలి పట్టియుండవచ్చును. ఒక్క తొట్టికే నీరు మందగించినచో, తొట్టి ప్రక్క గోడకున్న చిన్న కుళాయిని చూడుడు. దీనిని యాంగిల్ కాక్ అందురు. ఎవరో ఎప్పుడో ఏదో పనికై దానిని మూసి, మరల సగమే తెఱచి యుందురు. పెక్కు ఇండ్లలో రోగమంతయు ఇంతటితో కుదురును.

అదియు పూర్తిగా తెఱచియే యున్నచో మూడవ పరీక్ష చేయుడు. అన్నిటికంటె ముఖ్యమైనది ఇదియే. యాంగిల్ కాకును మూసి, మీట నొక్కి తొట్టిని ఖాళీ చేయుడు. కాకునుండి తొట్టికి బోవు సన్నని గొట్టమును తొట్టివైపున విప్పి, ఆ కొనను ఒక 10 లీటర్ల బకెట్టులో నుంచి, కాకును పూర్తిగా తెఱవుడు. బకెట్టు రెండు మూడు నిమిషములలో నిండినచో గొట్టము నిర్దోషి. దోషము కవాటములో కలదు. బకెట్టుకును పావుగంట పట్టినచో కవాటము నిర్దోషి. దోషము కాకులోనో, సన్నని గొట్టములోనో, గోడలోని పైపులోనో కలదు. ఇట్టి పరీక్ష చేయక కవాటమును మార్చినవారికి క్రొత్త కవాటము వచ్చినను పాత రోగము పోదు.

దోషము కవాటములోనిదని తేలినచో, గొట్టము తగులుకొను చోట కవాటపు తోకలోనికి చూడుడు. అనేక కవాటములలో అచ్చట వ్రేలి కొనంత జల్లెడ యొకటి యుండును. ఇసుక, తుప్పు, నాచు, ప్లాస్టిక్ పొట్టు అందు చిక్కుకొనును. దానిని మెల్లగా వెలుపలికి లాగి, పాత పండ్ల కుంచెతో కడిగి, మరల పెట్టుడు. జల్లెడ అడ్డమని దానిని పాఱవేయువారు కలరు. అది పొరపాటు, జల్లెడ లేనిచో ఆ యిసుకయే లోపలికి బోయి రబ్బరు బిళ్లను కోయును.

జల్లెడ శుభ్రముగనే యున్నచో కవాటపు నోరు చూడవలెను. పాత యిత్తడి కవాటమైనచో, కాడను పట్టియుంచు చీలను లాగినచో కాడయు బంతియు ఊడివచ్చును. వానివెంట రబ్బరు బిళ్ల గల చిన్న కడ్డీ జాఱి వచ్చును. నిలువుగా నుండు క్రొత్త ప్లాస్టిక్ కవాటమైనచో, పైమూతను కొంచెము త్రిప్పినచో ఊడును. లోపల పలుచని రబ్బరు పొర యుండును. మూత తీసిన పిదప కవాటము నోటిపై ఒక గ్లాసును బోర్లించి పట్టుకొని, కాకును ఒక్క క్షణము తెఱచి మూయుడు. లోపల చిక్కిన నలుసులు నీటితో బయటపడును. గ్లాసు లేనిచో నీరు పైకప్పును తాకును, జాగ్రత్త.

రబ్బరు బిళ్ల గట్టిపడినను, ఉబ్బినను, నడుమ గుంట పడినను దానిని మార్చవలెను. పాతదానిని అంగడికి పట్టుకొనిపోయి సరిపోలు దానిని తెచ్చుట ఉత్తమము. తెల్లని సున్నపు పొర కట్టినచో ఆ భాగమును కొన్ని గంటలు నిమ్మరసములోనో, వెనిగరులోనో నానబెట్టి తోముడు. బోరునీరు వాడు ఊళ్లలో ఈ పొర తఱచుగా కట్టును. మరుగుదొడ్లు కడుగు యాసిడును తొట్టిలో పోయరాదు. అది రబ్బరును, లోహమును తినును. యాసిడును బ్లీచింగు పొడిని ఎన్నడును కలుపరాదు. వాని కలయికచే పుట్టు విషవాయువు ఊపిరితిత్తులకు హాని చేయును.

బంతిని కూడ పరిశీలింపుడు. బంతి గోడకు రాచుకొనినను, కాడ వంగి క్రిందికి దిగకున్నను, నోరు పూర్తిగా తెఱచుకొనదు. అపుడు నీరు మొదటినుండియు సన్నగనే పాఱును. కాడను సరిచేసినచో చాలును.

ఇవియన్నియు సరిగనున్నను తొట్టి మెల్లగనే నిండుచున్నచో, ఆ కవాటము మీ యింటి నీటి యొత్తిడికి తగినది కాదని గ్రహింపవలెను. ఎత్తునుండి వచ్చు నీటికి ప్రతి 10 మీటర్లకు చదరపు సెంటిమీటరున కొక కిలోగ్రాము చొప్పున ఒత్తిడి గలుగును. మన మిద్దెపై ట్యాంకు తొట్టికంటె మూడు మీటర్ల యెత్తుననే యుండును. దాని యొత్తిడి అందులో మూడవ వంతుకంటె తక్కువ. అధికమైన ఒత్తిడికొఱకు చేసిన కవాటపు రంధ్రము సుమారు 3 మిల్లీమీటర్లుండును. తక్కువ ఒత్తిడికొఱకు చేసిన దానికి సుమారు 6 మిల్లీమీటర్లుండును. వెడల్పు రెండింతలైనచో రంధ్రపు వైశాల్యము నాలుగింతలగును. కావున అంగడిలో మిద్దె ట్యాంకు నీటికి సరిపోవు కవాటము కావలెనని విప్పి చెప్పి కొనవలెను.

కవాటమును మార్చుట కష్టము కాదు. కాకును మూసి, తొట్టిని ఖాళీ చేసి, అడుగున మిగిలిన నీటిని గుడ్డతో తుడువుడు. గొట్టమును విప్పుడు. తొట్టి వెలుపలనున్న నట్టును పానాతో విప్పుచు, లోపల కవాటమును ఎడమచేత పట్టుకొనుడు. పాతదానిని అంగడికి తీసికొనిపోయి చూపుడు. తోక మందము సాధారణముగా అరయంగుళము. అది ప్రక్కనుండి తగులుకొనునదో, అడుగునుండి తగులుకొనునదో చూచుకొనవలెను. క్రొత్తదానిని పెట్టుటకు ముందు కాకును ఒకసారి తెఱచి గొట్టములోని మురికిని బకెట్టులోనికి పోనిండు. రబ్బరు వాషరు తొట్టి లోపలివైపున నుండవలెను. ప్లాస్టిక్ నట్టును మొదట చేతితో బిగించి, పిదప పానాతో పావుచుట్టు మాత్రము త్రిప్పుడు. బలముగలదని మఱింత త్రిప్పినచో మర తెగును, పింగాణి తొట్టియైనచో పగులును.

చివరకు నీటిమట్టమును సరిచేయుడు. నీరు అలుగు గొట్టపు మూతికి ఒక యంగుళము క్రిందనే ఆగవలెను. ఈ పని ఉపేక్షింపరాదు. కవాటము సరిగ మూతపడక, అలుగు గొట్టమువెంట నిమిషమునకు ఒక్క గ్లాసు, అనగా 200 మిల్లీలీటర్ల నీరు కారుచున్నదనుకొందము. గంటకు 12 లీటర్లు, దినమునకు 288 లీటర్లు పోవును. 2019వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన ప్రకటింపబడిన జలజీవన మిషను గ్రామములలో మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున నీరందవలెనని నిర్ణయించినది. ఐదుగురు గల కుటుంబమునకు అది 275 లీటర్లు. ఒక కుటుంబపు నీరంతయు, ఇంకను కొంత, చప్పుడు లేక మురుగులో కలిసిపోవుచున్నదన్నమాట. మోటారు తిరిగిన కరెంటు ఖర్చు వేఱు.

మన యింటి తొట్టిని మనమే చూచుకొందుము. బడిలోని తొట్టిని చూచువారెవరు? పిల్లలు చెప్పరు, చెప్పుటకు సిగ్గుపడుదురు. నీరు లేని దొడ్డికి జడిసి ఆడపిల్లలు ఉదయమునుండి సాయంకాలము వఱకు మంచినీరైనను త్రాగక కూర్చుందురు. ఊరిలో పెద్దరికము వహించినవారు నెలకొకసారి బడికి బోయి, తొట్టి మీట నొక్కి, ఎంతసేపటికి నిండునో గడియారము చూచి తెలిసికొన్నచో చాలును. ఆలస్యమైనచో మొదట కాకు, పిదప బకెట్టు పరీక్ష, పిదప జల్లెడ, ఆ పిదప రబ్బరు బిళ్ల. ఈ వరుస తప్పక నడచినచో, పదిసార్లలో ఎక్కువసార్లు క్రొత్త కవాటము కొనకయే పని నెఱవేఱును. చెఱువు కాలువలో పూడిక తీయుట మన తాతలనాటినుండి ఊరిపెద్దల బాధ్యత. ఈ చిన్న కాలువలోని పూడికయు ఆ బాధ్యతలోనిదే యని భావింప ప్రార్థన.